బెల్టు దిగిన తర్వాత

(మన సంఘం వార్షిక సమావేశంలో, హజీరాలో చేసిన ప్రసంగం)



కమిటీవాళ్లు ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. సబ్జెక్టు నా ఇష్టమే అన్నారు. పెన్షన్ గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది. కార్గిల్ గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. అందుకని నేను కుస్తీల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. అదీ టీవీలో వచ్చే కుస్తీలు. మన పిల్లలు ట్రంప్ కార్డులు పెట్టుకుని ఆడిన డబ్ల్యూ డబ్ల్యూ ఎఫ్. నవ్వండి, ఫర్వాలేదు. అందులో ఒకప్పుడు ఛాంపియన్ బెల్టు కట్టుకుని, తర్వాత కింది వరసకి దిగిపోయినవాళ్లు ఉన్నారు. ఇవాళ నా టాపిక్ వాళ్లే.

ముందు మన గురించి ఒక్క మాట. నాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ పాసై 1989లో భర్తీ అయ్యాను. గన్నర్‌గా చేరి 28 ఏళ్లకి సుబేదార్‌గా బయటికొచ్చాను. సూరత్ నుంచి హజీరా వచ్చే రోడ్డు మీద ఇచ్ఛాపోర్ అనే బోర్డు మొదటిసారి చూసినప్పుడు మా ఇచ్ఛాపురం ఇక్కడికెప్పుడొచ్చిందా అనుకున్నాను. ఇంకో సంగతి, గన్నర్లు ఇది వినాలి. మన 155 ఎంఎం వజ్ర తోపులు తయారయ్యేది ఈ హజీరాలోనే. మొదటి వంద తోపుల్లో ఆఖరిది 2021 ఫిబ్రవరిలో ఇక్కణ్ణుంచే వెళ్లింది. తాపీ నది సముద్రంలో కలిసే ఈ మూల ఎరువులు, ఉక్కు, గ్యాసు, ఓడరేవు అన్నీ ఉన్నాయి. వాటికి గేట్లున్నాయి. ఆ గేట్ల దగ్గర మనవాళ్లున్నారు. ఈ హాల్లో కనీసం సగంమంది రేపు పొద్దున ఆరింటి షిఫ్టుకి వెళ్లేవాళ్లేనని నాకు తెలుసు.

ఇప్పుడు కుస్తీకొద్దాం. ఆ టీవీ కుస్తీలో గెలుపోటములు ముందే రాసి ఉంటాయి. అది అందరికీ తెలిసిందే. మా బ్యారక్‌లో కూడా తెలుసు. తెలిసినా రిక్రియేషన్ రూములో కుర్చీ దొరికేది కాదు. ఫలితం రాసిపెట్టిందే కానీ, పడటం మాత్రం నిజం. ఇనుప ఫ్రేము మీద చెక్కలు, వాటి మీద పల్చటి నురుగు పరుపు, పైన గుడ్డ. రెండు క్వింటాళ్ల మనిషి ఎత్తి వేస్తే ఆ నడుము నడుమే కదా. ఇందులో గెలిచేవాడు ఒకడుంటే, అతను గొప్పవాడుగా కనిపించేలా సరిగ్గా ఓడిపోయేవాడు ఇంకొకడుండాలి. ఆ పని చేసేవాణ్ణి వాళ్ల భాషలో జాబర్ అంటారు. జాబ్ చేసేవాడన్నమాట. ఓడిపోవడమే అతని ఉద్యోగం. ఛాంపియన్ బెల్టు ఎవరు కట్టుకున్నా అది కంపెనీ సొత్తు. ఇవాళ నీకిస్తారు, రేపు తీసుకుంటారు. తీసుకున్న తర్వాత చాలామందికి ఆ ఓడిపోయే ఉద్యోగమే మిగులుతుంది.

అసలు కుస్తీలో దిగడం వేరేగా ఉండేది. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారు, గొలుసులు తెంచారు, సొంతంగా సర్కస్ కంపెనీ నడిపారు. ఆయన్ని ఏ మల్లుడూ కిందికి దించలేదు. కాలికి పుండు లేచి, అది ముదిరి, కాలు తీసెయ్యాల్సి వచ్చింది. 1942లో ఒరిస్సాలోని బలంగీర్‌లో పోయారు. గామా పహిల్వాన్ సంగతీ అంతే. 1910లో లండన్‌లో జిబిస్కో అనే పోలండ్ మల్లుడితో రెండున్నర గంటలు పట్టు వదల్లేదు. మళ్లీ పెట్టుకున్న రోజుకి జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో అదే మనిషిని ఒక నిమిషం కూడా కాకముందే చిత్తు చేశాడు. దేశ విభజన తర్వాత లాహోర్ వెళ్లిపోయాడు. ఖర్చులు చూసే మహారాజులు లేరు, వంట్లో ఆరోగ్యం లేదు. ఇక్కణ్ణుంచి ఘనశ్యామ్ దాస్ బిర్లా గారు డబ్బు పంపేవారు. 1960లో పోయాడు. ఓటమి ఎరగని మనిషి చివరికి మందులకి చెయ్యి చాచవలసి వచ్చింది. ఒంట్లో బలమో, పోషించే దొరో పోతే అలాంటివాళ్లు కిందికొచ్చేవారు. పోయినా గామా గామాయే. ఎవరూ అతనికి జోకర్ టోపీ పెట్టలేదు.

టీవీ కుస్తీలో మనిషి బలంగానే ఉంటాడు. ఆట బాగానే వస్తుంది. అయినా దిగమంటారు. ఈ రకం దిగుడే మనకి దగ్గర. మనం కూడా బలంగా ఉండగానే, ఇంకో పదేళ్లు చెయ్యగలిగి ఉండగానే ఇంటికొస్తాం కదా.

ఫౌజులో పనిచేసినవాళ్లకి మాత్రమే అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఐరన్ షేక్ అని ఇరాన్ నుంచి వెళ్లిన మల్లుడుండేవాడు. ఇతను వేషగాడు కాదు, అసలు కుస్తీ తెలిసినవాడు. 1971లో అమెరికా జాతీయ పోటీల్లో బంగారు పతకం కొట్టాడు. 1983 డిసెంబర్ 26న న్యూయార్క్‌లో బాబ్ బ్యాక్‌లండ్ మీద గెలిచి ఛాంపియన్ అయ్యాడు. నాలుగు వారాలకి, 1984 జనవరి 23న, అదే స్టేడియంలో హల్క్ హోగన్ చేతిలో ఓడాడు. అంతే, 28 రోజులు. హోగన్ అక్కణ్ణుంచి మొదలై ప్రపంచమంతా తెలిసిన మనిషి అయ్యాడు. షేక్ మాత్రం ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు. అదే ఏడాది సార్జెంట్ స్లాటర్ అనేవాడితో అతనికి బూట్ క్యాంప్ మ్యాచ్ అని పెట్టారు. స్లాటర్ది డ్రిల్ ఉస్తాద్ వేషం. టోపీ, విజిల్, పెద్ద గొంతు.

ఏడేళ్లు గడిచాయి. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. ఆ సార్జెంట్‌నే కథలో ఇరాక్ పక్షం చేరినవాడిగా చూపించి ఛాంపియన్‌ని చేశారు. అతని వెనక నిలబడటానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఒకరికి జనరల్ అద్నాన్ అని పేరు పెట్టారు. రెండోవాడికి కర్నల్ ముస్తఫా అని పేరు పెట్టి యూనిఫారం తొడిగారు. ఆ కర్నల్ ఎవరనుకున్నారు? మన ఐరన్ షేకే. మాజీ ఛాంపియన్. అంటే ఒక జనరల్, ఒక కర్నల్ కలిసి ఒక సార్జెంట్‌కి సహాయకులు! ఏ ఆర్మీలో చూశాం ఇది? మా మెస్‌లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నవ్వు ఆగింది ఇక్కడికొచ్చిన తర్వాత. 2018లో నేను ఇక్కడ ఒక గేటు దగ్గర షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరాను. ఏ కంపెనీ, ఏ ఏజెన్సీ అన్నది అనవసరం. నాలుగేళ్లు బాగానే నడిచింది. తర్వాత సెక్యూరిటీ కాంట్రాక్టు చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్లు ఇన్‌చార్జి పోస్టులు తగ్గించారు. ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే ఆ పోస్టులో ఉంచుతామన్నారు. మిగతావాళ్లు గార్డులుగా ఉంటే ఉండండి, లేకపోతే మీ ఇష్టం అన్నారు. అమ్మాయి చదువు మధ్యలో ఉంది. ఉంటానన్నాను. మర్నాడు పొద్దున మెటీరియల్ గేటు దగ్గరికెళ్తే అక్కడ ఇన్‌చార్జిగా నిలబడినది నా ట్రూప్‌లో గన్ నంబర్ వన్‌గా చేసిన హవల్దార్. అతని దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంది. నా దగ్గర లేదు.

అతను నన్ను చూసి అలవాటు కొద్దీ సావధాన్ అయిపోయాడు. చెయ్యి పైకి లేచింది. చుట్టూ లారీ డ్రైవర్లు, క్లీనర్లు చూస్తున్నారు. ఇన్‌చార్జి గార్డుకి సెల్యూట్ కొట్టడమేమిటని వాళ్లకి వింత. అతనికి నోట మాట రాలేదు. "సాబ్, మీరు లోపల కుర్చీలో కూర్చోండి, నేను చూసుకుంటాను" అన్నాడు. నేను అన్నాను, "తమ్ముడూ, కుర్చీ నీది. ఈ గేటుకి నువ్వే సీనియర్. రిజిస్టర్‌లో నీ సంతకం కింద నా సంతకం ఉంటుంది. నాకు డ్యూటీ చెప్పు." అతను చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి "సాబ్, మూడో నంబర్ తూకం దగ్గర చలానాలు చూడండి" అన్నాడు. వెళ్లి చూశాను. సాయంత్రం షిఫ్టు అయ్యాక బస్టాపులో మళ్లీ సెల్యూట్ కొట్టాడు. అక్కడ తీసుకున్నాను. ఆ తమ్ముడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పడం లేదు. ఎనిమిది నెలలు అతని కింద చేశాను. ఒక్కనాడు కూడా కష్టం అనిపించలేదంటే అబద్ధం అవుతుంది. లారీవాడు "ఏయ్ వాచ్‌మన్" అన్నప్పుడు కష్టం అనిపించింది. తమ్ముడు డ్యూటీ చెప్పినప్పుడు మాత్రం అనిపించలేదు.

ఈ రెంటికీ తేడా ఎక్కడుందో నాకు గ్రేట్ ఖలీని చూస్తే తెలుస్తుంది. ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. హిమాచల్‌లో సిర్మౌర్ జిల్లా. చాలామందికి తెలియనిదేమిటంటే అతను మొదట సిమ్లాలో సెక్యూరిటీ గార్డు. అవును, మన గేటు డ్యూటీయే. అక్కడ చూసిన పోలీసు ఆఫీసర్ ఒకాయన అతన్ని పంజాబ్ పోలీసులోకి తీసుకెళ్లాడు. 2007 జులైలో ఇరవైమంది మధ్య జరిగిన పోటీలో గెలిచి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. మేమప్పుడు రాజస్థాన్‌లో ఉన్నాం. మా రెజిమెంట్‌లో పంజాబీ, హిమాచలీ కుర్రాళ్లు లంగర్‌లో చేసిన అల్లరి నాకింకా గుర్తు. ఆ బెల్టు సెప్టెంబర్ దాకా ఉంది. బతిస్తా తీసుకున్నాడు. మరుసటి సంవత్సరానికల్లా ఖలీని పంజాబీ ప్లేబాయ్ అన్నారు. ఆటకి ముందు జనంలోంచి ఆడవాళ్లని పిలిచి ముద్దు పెట్టించే తంతు పెట్టారు. డ్యాన్స్ చేయించారు. మోకాళ్లు పాడయ్యాయి. 2012లో మెదడు దగ్గర కణితికి ఆపరేషన్ అయింది. అయినా కాంట్రాక్టు ఉన్నంతకాలం, 2014 దాకా, ఆ డ్యాన్స్ చేస్తూనే ఉన్నాడు. తర్వాత జలంధర్‌లో సొంత అకాడమీ పెట్టుకున్నాడు. 2021లో కంపెనీవాళ్లే పిలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు.

మా కుర్రాళ్లు అప్పట్లో బాధపడేవాళ్లు. ఓడిపోతున్నాడని కాదు. నవ్విస్తున్నాడని. కింద పనిచెయ్యడం ఒకటి, నవ్వులపాలు చెయ్యడం ఇంకొకటి అని నా ఉద్దేశం. ఖలీ ఆటగాడు, నవ్వించడం కూడా అతని వృత్తిలో భాగమే, దానికి డబ్బు తీసుకున్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. మన సంగతి అలాంటిది కాదు.

ఎందుకంటున్నానో చెబుతాను. ఒకసారి ఇక్కడే ఒక పెద్ద ఫంక్షన్ జరిగింది. బయటి ఊళ్ల నుంచి అతిథులు వస్తున్నారు. ఏజెన్సీవాళ్లు ఎక్స్ సర్వీస్‌మెన్ అందర్నీ పిలిచి, రేపు తలపాగా మేమిస్తాం, మీ సర్వీసు మెడల్స్ తెచ్చుకుని పెట్టుకోండి, కార్లు రాగానే తలుపులు తియ్యాలి, ఫొటోల్లో బాగుంటుంది అన్నారు. నేను లేచి, తలుపులు తీస్తాను, ఎన్ని కార్లు వచ్చినా తీస్తాను, మెడల్స్ మాత్రం ఇంట్లో ఉంటాయి అన్నాను. ఎందుకని అడిగారు. మెడల్ అంచు మీద నా నంబరు, పేరు చెక్కి ఉన్నాయి, అవి మీ ఏజెన్సీ సామాను కాదు అన్నాను. నాతోపాటు ఇంకో ముగ్గురు అదే మాట అన్నారు. నలుగురం మామూలు డ్రెస్‌లో తలుపులు తీశాం. పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంట్లో ఇబ్బందులు నాకు తెలుసు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడూ అనను. రిపబ్లిక్ డే నాడు కోటు మీద మెడల్స్ పెట్టుకుని పతాకం దగ్గర నిలబడతాం, అది మన హక్కు. కారు తలుపు దగ్గర అలంకారానికి కాదు.

ఇంక జిందర్ మహల్ గురించి చెప్పి ముగిస్తాను. యువతరానికి ఇతను తెలుసు. కెనడాలో పుట్టిన పంజాబీ. ఇతని మేనమామ కూడా మల్లుడే, గామా సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. చూశారా, పాత గామా పేరు ఎంత దూరం వెళ్లిందో! జిందర్‌ని మొదట 2011లో ఖలీకి బావగా కథలో తెచ్చారు. 2012లో ముగ్గురు కుర్రాళ్లని కలిపి ఒక బ్యాండు బృందం కట్టారు. జిందర్, హీత్ స్లేటర్, డ్రూ మెకింటైర్. చేతిలో లేని గిటారు వాయిస్తూ రావాలి, వచ్చి ఓడిపోవాలి. ఈ మెకింటైర్ సామాన్యుడు కాదు. 2009లో కంపెనీ యజమానే బరిలోకి వచ్చి ఇతను కాబోయే ఛాంపియన్ అని చెప్పాడు. అదే డిసెంబర్‌లో ఇంటర్ కాంటినెంటల్ ఛాంపియన్ అయ్యాడు కూడా. అలాంటివాడు మూడేళ్లు తిరక్కుండా గాలి గిటారు వాయించాడు. 2014 జూన్‌లో జిందర్‌ని, మెకింటైర్‌ని ఒకేరోజు ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇద్దరూ ఇంట్లో కూర్చోలేదు. మెకింటైర్ ఇంగ్లాండ్, స్కాట్లాండ్, అమెరికా చిన్న చిన్న హాళ్లలో ఆడాడు. ఆ బ్యాండు నాటి సన్నటి కుర్రాడు దిట్టంగా తయారయ్యాడు. 2017లో తిరిగొచ్చాడు. 2020 ఏప్రిల్‌లో బ్రాక్ లెస్నర్‌ని ఓడించి అసలు బెల్టు కట్టుకున్నాడు. అది కరోనా కాలం. హాల్లో ఒక్క మనిషి లేడు. పదేళ్లకి పైగా ఎదురుచూసిన గెలుపుకి చప్పట్లు లేవు. నాకైతే ఆ దృశ్యం వేల జనం మధ్య గెలిచినదానికంటే గొప్పగా ఉంది. బెల్టు ఎత్తి కెమెరా వైపు చెయ్యి చాపాడు, ఇంట్లో చూస్తున్నవాళ్ల కోసం.

జిందర్ అంతకన్నా ముందే ఎక్కాడు. 2016లో మళ్లీ పిలిచారు, మళ్లీ ఓడిపోయే పనికే. తొమ్మిది నెలలు అది చేశాడు. 2017 మే 21న ర్యాండీ ఆర్టన్‌ని ఓడించి ఛాంపియన్. కింది వరస నుంచి నేరుగా పైమెట్టుకి. నవంబర్‌లో మాంచెస్టర్‌లో బెల్టు పోయింది. డిసెంబర్‌లో ఢిల్లీకి తీసుకొచ్చారు, మన జనం ముందే ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. తర్వాత మళ్లీ కిందికే. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆ కంపెనీ ప్రదర్శన జరిగింది. చివరి బౌట్ జాన్ సీనా, సేథ్ రోలిన్స్‌లది. మన దేశంలో, మన హైదరాబాద్‌లో ఆఖరి ఆట మాజీ ఛాంపియన్ జిందర్‌ది కాదు. 2024 ఏప్రిల్‌లో రెండోసారి తీసేశారు.

ఒకడు ఎక్కి నిలబడ్డాడు, ఇంకొకడు ఎక్కి మళ్లీ దిగాడు. ఇద్దరూ ఒకే బ్యాండులో వాయించారు, ఒకేరోజు ఉద్యోగం పోగొట్టుకున్నారు. కష్టపడినవాడు తప్పక ఎక్కుతాడని వేదిక మీద చెప్పడం సులువు. జిందర్ తక్కువ కష్టపడ్డాడని నేను మాత్రం అనలేను.

ఇంకో తేడా మరిచిపోవద్దు. ఆ మల్లులు కంపెనీకి ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. పెన్షన్ అనే మాట వాళ్లకి లేదు. మనకి ప్రతి నెలా పెన్షన్ వస్తుంది. ఈసీహెచ్ఎస్ కార్డుంది, కాంటీన్ ఉంది. గేటు దగ్గర గార్డుగా నిలబడినా, బ్యాంకు పాసుబుక్కులో నేను సుబేదార్‌నే. ఆ ధైర్యంతోనే ఆ రోజు మెడల్స్ ఇంట్లో పెట్టి రాగలిగాను. అది లేనివాడు అలా అనలేడు, ఐరన్ షేక్ కూడా అనలేకపోయాడు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఇక్కడ పది పన్నెండుమంది కనిపిస్తున్నారు. మీకు రెండు ముక్కలు చెప్పి దిగిపోతాను. బయటికొచ్చే ముందు డీజీఆర్ వాళ్ల రీసెటిల్‌మెంట్ కోర్సులుంటాయి. జవాన్లకి, జేసీవోలకి ఫీజు లేదు. సెలవు పోతుందని చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఫైర్ సేఫ్టీ కానివ్వండి, ఇంకోటి కానివ్వండి, చేతిలో ఒక కాగితం పెట్టుకుని బయటికి రండి. రెండోది, ఏ ఏజెన్సీలో చేరినా అపాయింట్‌మెంట్ లెటర్‌లో పోస్టు పేరు రాయించుకోండి. ఇన్‌చార్జి అని నోటితో చెప్పి గార్డు అని రాసిన కాగితాలు నేను బోలెడు చూశాను. కాంట్రాక్టు మారిన రోజున నోటిమాటకి విలువుండదు.

నేను కూడా ఆ ఫైర్ సేఫ్టీ కోర్సు 53వ ఏట పూర్తిచేశాను. క్లాసులో అందరూ మా అబ్బాయి వయసువాళ్లు. పాఠం చెప్పిన కుర్రాడు మొదటిరోజు నన్ను చూసి ఎవరి తండ్రో అనుకున్నాడు. ఇప్పుడు వేరే గేటు దగ్గర ఇన్‌చార్జిగా ఉన్నాను. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. రెండు గేట్లకీ మధ్య మూడు కిలోమీటర్లు.

భోజనాలు సిద్ధమయ్యాయని కమిటీవాళ్లు వెనకనుంచి చెయ్యి ఊపుతున్నారు. ఆవకాయ ఊరి నుంచి వచ్చిందట. ఆరింటి షిఫ్టువాళ్లు ముందు కూర్చోండి. సెలవు. జై హింద్.

— సుబేదార్ (రిటైర్డ్), ఆర్టిలరీ, శ్రీకాకుళం జిల్లా